పనసా, టేకా, గుమ్మడి టేకా: ఎలక్ట్రిక్ గిటార్ బాడీకి కర్ర ఎంచుకోవడం ఎలా

విజయనగరంలో గిటార్ బాడీ సొంతంగా చేయించుకోవాలనుకునే కుర్రాళ్లు మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ కర్రకి టోన్ బాగుంటాది?" ఆ వెంటనే రెండో ప్రశ్న: "బొబ్బిలి వీణ పనస కర్రతోనే కదా చేస్తారు, గిటార్ కూడా పనసతో చేయిస్తే ఆ నాదం వస్తాదా?"

రాదు. ఎందుకు రాదో తెలిస్తే కర్ర గురించిన గందరగోళం సగం తీరుతుంది, డబ్బు కూడా మిగులుతుంది. నా మట్టుకు నేను కర్రను బరువు, ఆరుదల, గట్టిదనం చూసి కొనమంటాను. టోన్ కోసం పెట్టాల్సిన ఖర్చు పికప్‌ల (తీగ ఊపును కరెంటుగా మార్చే భాగాల) మీదా, సెటప్ (తీగల, పికప్‌ల ఎత్తు సరిచూసుకోవడం) మీదా పెట్టమంటాను.

కర్ర అసలు ఏం చేస్తుంది

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు పనస మొద్దును తొలిచి కుండ తీస్తారు. తీగ మీటితే ఆ ఊపు గుర్రం మీదుగా పై పలకకు చేరుతుంది. పలక, కుండ కలిసి గాలిని కదుపుతాయి. మనకు వినిపించేది ఆ కర్ర కదలిక వల్ల పుట్టిన ధ్వనే. అందుకే చెట్టు ఎంత ముదురుది, గోడ ఎంత మందం అన్నది అక్కడ ప్రాణంతో సమానం.

సాలిడ్ బాడీ, అంటే లోపల బోలు లేని దిమ్మతో చేసిన ఎలక్ట్రిక్ గిటార్‌లో పని వేరేలా జరుగుతుంది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. దాని మీద ఉక్కు తీగ ఊగితే కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది. ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) వెళ్లేది ఆ కరెంటే. ఉక్కుకు బదులు నైలాన్ తీగలు వేస్తే ఎంత గొప్ప కర్ర అయినా ఆంప్‌లోంచి దాదాపు ఏమీ వినపడదు.

మరి కర్రకు పాత్రే లేదా అంటే, ఉంది. తీగ ఒక చివర ఫ్రెట్ (నెక్ మీది లోహపు మెట్టు) మీద, ఇంకో చివర బ్రిడ్జి (వీణకు గుర్రం లాంటిది) మీద ఆనుతుంది. ఆనిన చోటు ఏ కాస్త కదిలినా తీగలోని శక్తి కొంత కర్రలోకి జారిపోతుంది. ఏ స్వరం దగ్గర గిటార్ తేలిగ్గా ఊగుతుందో ఆ స్వరం తొందరగా చచ్చిపోతుంది. వాయించేవాళ్లు డెడ్ స్పాట్ అనేది దీన్నే. బాడీ 45 మిల్లీమీటర్ల మందం ఉన్న దిమ్మ, అది పెద్దగా ఊగదు. సన్నగా, పొడుగ్గా ఉన్న నెక్ దానికంటే చాలా ఎక్కువ ఊగుతుంది. కాబట్టి డెడ్ స్పాట్ కనబడితే ముందు నెక్‌ను అనుమానించండి, బాడీని ఆ తర్వాత.

చరిత్ర చూసినా ఇదే తెలుస్తుంది. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే అమెరికన్ గిటారిస్ట్ తన తొలి ప్రయోగపు గిటార్‌ను నాలుగంగుళాల పైన్ దుంగ మీద కట్టాడు. రెండు వైపులా మామూలు గిటార్ ముక్కలు తగిలించింది చూడ్డానికి గిటార్‌లా ఉండాలని. 1950లలో డాన్‌ఎలెక్ట్రో కంపెనీ మనం హార్డ్‌బోర్డ్ అనే మేసనైట్‌తో గిటార్లు చేసింది. 1969లో ఆంపెగ్ వాళ్లు పారదర్శకమైన ప్లాస్టిక్ బాడీతో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ మోడల్ తెచ్చారు. మూడూ పక్కా ఎలక్ట్రిక్ గిటార్ల లాగానే మోగాయి.

పెద్ద కంపెనీలు ఆ కర్రలే ఎందుకు వాడాయి

ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) గిటార్ 1954లో యాష్ కర్రతో వచ్చింది, 1956 నుంచి ఎక్కువగా ఆల్డర్‌కి మారింది. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ మోడల్ 1952లో మహాగని బాడీ, పైన మేపుల్ పలకతో వచ్చింది. జపాన్ గిటార్లలో బాస్‌వుడ్ బాగా వాడారు. ఇంటర్నెట్‌లో చూస్తే వీటికి ఒక్కో వర్ణన అతికించి ఉంటుంది: ఆల్డర్ సమతూకం, యాష్ మెరుపు, మహాగని వెచ్చదనం, బాస్‌వుడ్ మెత్తదనం. అవి పూర్తిగా గాలి మాటలని అనను. కానీ ఒక సంగతి గమనించండి. మహాగని లెస్ పాల్‌లో హంబకర్ పికప్‌లు (రెండేసి కాయిల్స్ ఉన్నవి), 24.75 అంగుళాల స్కేల్ (తీగ ఊగే పొడవు), అతికించిన నెక్ ఉంటాయి. ఆల్డర్ స్ట్రాట్‌లో సింగిల్ కాయిల్స్, 25.5 అంగుళాల స్కేల్, స్క్రూలతో బిగించిన నెక్ ఉంటాయి. ఇన్ని తేడాలున్న రెండు గిటార్లు వేరువేరుగా మోగితే ఆ మార్కులన్నీ కర్ర ఖాతాలో వేసేస్తున్నాం.

ఫ్యాక్టరీలకు కావాల్సింది ధర, సరఫరా, పని సులువు. ఆల్డర్ గ్రెయిన్ (కర్ర నార) సన్నగా ఉండి రంగు వేయడానికి వీలుగా ఉంటుంది. యాష్‌కి ముందుగా గ్రెయిన్ పూడ్చాలి. 2020లో ఫెండర్ కంపెనీ తన మామూలు మోడళ్లలో యాష్ వాడకం బాగా తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. చెట్లను తినే ఒక పురుగూ, మిసిసిపీ వరదలూ అందుకు కారణం. కర్ర ఎంపికలో సంగీతం ఎంత ఉందో వ్యాపారం కూడా అంతే ఉంది. మనం కూడా మన అడితిలో దొరికేది చూసుకుని మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

మొదటి అడుగు: బరువు లెక్క

గిటార్ మెడలో వేసుకుని రెండు గంటలు నిలబడాలి. అదీ బరువు లెక్క మొదట వేసుకోవడానికి కారణం. బాగా బరువైన కర్ర తీగ శక్తిని తక్కువ పీలుస్తుందని, అంటే సస్టెయిన్ (స్వరం నిలిచే సేపు) కొంచెం పెరుగుతుందని అంటారు. ఆ లాభం ఎంతోగానీ భుజం నొప్పి మాత్రం ఖాయం.

బాడీ కోసం కోసుకునే దిమ్మ కొలత సాధారణంగా 20 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు, పావు తక్కువ రెండు అంగుళాలు, అంటే 1.75 అంగుళాల మందం. దీని ఘనపరిమాణం దాదాపు 8 లీటర్లు. చిత్రిక పట్టి ఈ కొలతకు తెచ్చిన దిమ్మను కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూచండి. వచ్చిన కిలోలను 8తో భాగించి వెయ్యితో గుణిస్తే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఉదాహరణకు 4.8 కిలోలు తూగితే 600.

గిటార్ ఆకారానికి కోసి, పికప్ గుంటలు తీశాక దాదాపు సగం కర్ర పోతుంది. అంటే 4.8 కిలోల దిమ్మ 2.4 కిలోల బాడీ అవుతుంది. నెక్, కీలు, బ్రిడ్జి, పికప్‌లు కలిపి ఇంకో కిలోన్నర దాకా వేసుకోండి. మొత్తం గిటార్ 3.2 నుంచి 3.9 కిలోల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. అంటే దిమ్మ మూడున్నర, ఐదు కిలోల మధ్య తూగాలి.

మరీ తేలికైనా తంటాయే. బాడీ తేలిపోతే వాయిస్తున్నంతసేపూ నెక్ నేల వైపు వాలుతూ ఉంటుంది, ఎడమ చెయ్యి దాన్ని మోయాల్సి వస్తుంది.

రెండో అడుగు: మన దగ్గర దొరికే కర్రలు

పనస గురించే ముందు చెప్పాలి. ఆరిన పనస ఘనపు మీటరుకు సుమారు 600 కిలోలు, అంటే మహాగని బరువుకు దగ్గర. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, వెలుగు తగిలేకొద్దీ తేనె రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది. ఉలికి బాగా లొంగుతుంది, ఆరాక పెద్దగా వంకర పోదు. వీణ చేసేవాళ్లు దాన్ని ఎంచుకోవడానికి ఈ గుణాలు కూడా కారణమే, ఆ మేరకు గిటార్‌కూ పనికొస్తాయి. వీణ నాదం వస్తుందని మాత్రం ఆశపడొద్దు. లేత చెట్టు కర్ర కాకుండా ముదురు చెట్టు చేవ అడగండి. చేవ పక్కన ఉండే తెల్ల భాగాన్ని పురుగు ముందు పడుతుంది. నన్నడిగితే మొదటిసారి చేయించుకునేవాళ్లకు ఇదే కర్ర చెబుతాను.

గుమ్మడి టేకు 450 నుంచి 500 వరకు ఉంటుంది, దాదాపు ఆల్డర్ బరువు. లేత మీగడ రంగు, సన్నటి గ్రెయిన్, రంగు వేయడానికి అనువు. పేరులో టేకు ఉన్నా ధర టేకంత ఉండదు. మెత్తటి కర్ర కాబట్టి స్క్రూలు ఒకటికి రెండుసార్లు తిప్పితే పట్టు వదిలేస్తాయి. నెక్ స్క్రూలను మాటిమాటికీ విప్పే అలవాటు ఉంటే జాగ్రత్త.

టేకు 650 దాకా పోతుంది, బాడీ రెండున్నర కిలోలు దాటుతుంది. కదలదు, పురుగు పట్టదు, చూడ్డానికి అందం. అయితే దాంట్లో సహజంగా ఉండే నూనె వల్ల జిగురు సరిగా అతకదు. అతికించే ముందు రెండు అంచులనూ ఎసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు పూసి బిగించాలి. కొత్త టేకు కొనే స్తోమత లేకపోతే పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు చూడండి. దశాబ్దాలు ఇంటి కప్పు కింద ఆరిన కర్ర అది, అంత బాగా ఆరిన కొత్త కర్ర దొరకడం కష్టం. వాసాలు సన్నవి, అవి పనికిరావు. కోతకు ఇచ్చే ముందు అయస్కాంతంతో దూలమంతా తడిమి మేకులు తీసేయండి. రంపం పళ్లు విరిగితే మిల్లువాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

మామిడి చవక. బరువు 600, 700 మధ్య. ఆరేటప్పుడు మరకలు పడుతుంది, పిండి పురుగు దానికి ప్రాణం పెడుతుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టిన పలక దొరికితేనే తీసుకోండి. వేప 700 దాటుతుంది, గ్రెయిన్ అటూ ఇటూ తిరిగి ఉండి చిత్రిక పడితే లేచిపోతుంది. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, 830 దాకా ఉంటుంది. దానితో బాడీ చేస్తే గిటార్ నాలుగున్నర కిలోలు దాటుతుంది. దాన్ని ఫింగర్‌బోర్డుకు ఉంచుకోండి. శ్రీకాకుళం తీరం వెంట దొరికే సరుగుడు, ఊరూరా ఉండే నీలగిరి, తుమ్మ బాడీకి వద్దు. బరువు, మెలి, నెర్రెలు, మూడూ వాటిలో ఉన్నాయి.

టేకు, జిట్రేగి ఏది కొన్నా బిల్లు తీసుకోండి. అటవీ శాఖ అడిగితే చూపించడానికి ఉంటుంది.

మూడో అడుగు: అడితిలో

కర్ర ఘనపుటడుగుల్లో, వాళ్ల మాటల్లో సీఎఫ్‌టీల్లో, అమ్ముతారు. చిత్రిక పట్టడానికి వదులుకుని రెండంగుళాల మందంతో లెక్కేస్తే ఒక బాడీకి మూడో వంతు సీఎఫ్‌టీ సరిపోతుంది. 14 అంగుళాల వెడల్పు ఒక్క పలకగా దొరకడం అరుదు. ఏడేసి అంగుళాల రెండు ముక్కలు కొని మధ్యలో అతికించండి. ఒక్క ముక్క బాడీ టోన్ వేరు అనే మాట ఉంది. బాగా అతికిన జిగురు గీత తీగకు తెలియదు.

"గిటార్‌కి" అని చెబితే "ఇదేటి బాబూ, కర్రలోకి కరెంటు ఎలా ఎక్కిస్తారు" అని అడుగుతారు. ఓపిగ్గా చెప్పండి. వినోదంగా విన్న మేస్త్రి వెనక గదిలోంచి మంచి పలక తీసిస్తాడు.

పలక చివర్లు చూడండి. చివర నెర్రె ఉంటే అది లోపలికి ఇంకో రెండు మూడు అంగుళాలు పోయి ఉంటుందని లెక్కేసుకోండి. ముడులు బాడీ అంచుల్లో ఉంటే ఫర్వాలేదు, నెక్ గుంట దగ్గర, బ్రిడ్జి కింద మాత్రం ఉండకూడదు. పలకను ఒక చివర రెండు వేళ్లతో వేలాడదీసి, మధ్యలో వేలి గణుపుతో కొట్టండి. టంగుమంటే లోపల పగుళ్లు, పుచ్చు లేనట్టు. బరబరమంటే పక్కన పెట్టండి. ఈ శబ్దం విని గిటార్ టోన్ చెప్పేసేవాళ్లు ఉన్నారు. నేను దీన్ని కర్ర ఆరోగ్యం చూడటానికే వాడతాను.

ఇక తేమ. మనది సముద్రపు గాలి తగిలే జిల్లా. జూన్ నుంచి అక్టోబరు దాకా పచ్చి కర్ర ఆరదు, ఆరిన కర్ర కూడా కొంత తేమ పీలుస్తుంది. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. చిన్న తేమ మీటర్ కొనుక్కుంటే మంచిది, 12 శాతం లోపు చూపిస్తే ధైర్యంగా కోయొచ్చు. మీటర్ లేకపోతే కాటాయే మీటర్. పలకల చివర్లకు పెయింట్ పూసి, మధ్యలో సన్న బద్దలు పెట్టి, ఎండ తగలని గదిలో దొంతర పెట్టండి. వారానికోసారి తూచి పలక మీదే పెన్సిల్‌తో బరువు రాయండి. బరువు తగ్గడం ఆగిపోయి, వరసగా కొన్ని వారాలు అదే అంకె వస్తే ఆ గదిలో ఆరాల్సినంత ఆరినట్టే. ఫిబ్రవరి, మే మధ్య ఈ పని తొందరగా అవుతుంది.

తడి కర్రతో చేస్తే వచ్చే నష్టం టోన్‌కు కాదు. ఆరేకొద్దీ నెక్ గుంట వెడల్పు మారుతుంది, మధ్య అతుకు విడుతుంది, బ్రిడ్జి స్క్రూలు వదులవుతాయి.

నాలుగో అడుగు: కోత, నెక్ గుంట

తలుపుల మీద డిజైన్లు చెక్కే సీఎన్‌సీ షాపులు ఇప్పుడు మన టౌన్లలో చాలానే ఉన్నాయి. గిటార్ డ్రాయింగ్ ఫైల్ ఇస్తే బాడీ కోసిస్తారు. ముందుగా మందపాటి ఎండీఎఫ్ మీద ఒకసారి కోయించి, మీ నెక్, పికప్‌లు అందులో కూర్చోబెట్టి చూసుకోండి.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది నెక్ గుంట మీద. ఫెండర్ తరహా నెక్‌కు గుంట లోతు సుమారు 16 మిల్లీమీటర్లు, వెడల్పు 56. కానీ నెక్‌లు అన్నీ ఒక్కలా ఉండవు, చేతిలో ఉన్న నెక్‌నే కాలిపర్‌తో కొలిచి అర మిల్లీమీటర్ తక్కువగా కోయించి, మిగతాది గరుకు కాగితంతో సరిచేయండి. స్క్రూలు లేకుండా నెక్ గుంటలో పెట్టి, నెక్ పట్టుకుని ఎత్తితే బాడీ కూడా లేవాలి. ఆ మాత్రం బిగువు చాలు. మరీ సుత్తితో కొట్టి దించాల్సి వస్తే ముందు ముందు బాడీ పగులుతుంది. గుంట అడుగు చదునుగా ఉండాలి, మధ్యలో ఉబ్బు ఉంటే నెక్ ఆ ఉబ్బు మీద ఆడుతుంది. నా అనుభవంలో "ఈ కర్రకి సస్టెయిన్ లేదు" అని తెచ్చిన గిటార్లలో తప్పు తరచూ కనిపించేది ఇక్కడే.

నాలుగు నెక్ స్క్రూల బెజ్జాలు బాడీలో వదులుగా, నెక్‌లో బిగువుగా ఉండాలి. బాడీ బెజ్జంలో కూడా మర పట్టేస్తే రెండు కర్రలూ ఒకదానికొకటి అదుముకోవు, మధ్యలో వెంట్రుకంత సందు మిగులుతుంది. సన్న తీగ దగ్గర, నట్ (కీల వైపు తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే చోటికి స్కేల్ పొడవు, అంటే 25.5 అంగుళాల నెక్ అయితే 648 మిల్లీమీటర్లు, సరిచూసుకున్నాకే బ్రిడ్జి బెజ్జాలు పెట్టండి.

ఐదో అడుగు: పాలిష్

పాలిష్ పల్చగా ఉంటే కర్ర ఊపిరి పీలుస్తుంది, టోన్ విచ్చుకుంటుంది అంటారు. 45 మిల్లీమీటర్ల దిమ్మ మీద ఆ తేడా నాకు వినిపించదు. పాలిష్ పని తేమను ఆపడం. ముందూ వెనకా ఒకే లెక్కన పూయండి, పికప్ గుంటల లోపల కూడా ఒక పూత ఇవ్వండి. వర్షాకాలంలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ కొడితే గాల్లో తేమ వల్ల తెల్లగా పాలిపోతుంది. ఆ నెలల్లో చేయాల్సి వస్తే స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్‌ను పొడి రోజు చూసుకుని గుడ్డతో పల్చగా, పొరలు పొరలుగా రుద్దుకోవడం మేలు. పనసకు అది బాగా నప్పుతుంది. టేకు, జిట్రేగి పొడి కొందరికి దద్దుర్లు, దగ్గు తెస్తుంది, రుద్దేటప్పుడు మాస్క్ తీయొద్దు.

ఆరో అడుగు: టోన్ నిజంగా మార్చే చోట్లు

ధ్వని మరీ పదునుగా ఉందా, మందంగా ఉందా అన్నది ఇక్కడ దిద్దుకోవాలి. వాల్యూమ్, టోన్ తిప్పే బిరడాల కింద ఉండే పాట్‌లు సింగిల్ కాయిల్స్‌కు 250 కిలో ఓమ్‌లవి, హంబకర్లకు 500 కిలో ఓమ్‌లవి మామూలు. 500ది పెడితే ధ్వని పదునెక్కుతుంది, 250ది పెడితే పదును తగ్గుతుంది. రెండు కర్రల మధ్య ఉంటుందని చెప్పుకునే తేడా కంటే ఈ మార్పు స్పష్టంగా వినిపిస్తుంది, ఖర్చు కూడా తక్కువే.

తర్వాత పికప్ ఎత్తు. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగకూ పికప్ ధ్రువానికీ మధ్య లావు తీగ వైపు రెండున్నర, సన్న తీగ వైపు రెండు మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. సింగిల్ కాయిల్‌ను మరీ దగ్గరకు తెస్తే అయస్కాంతం తీగను లాగేస్తుంది. స్వరం వణుకుతుంది, సస్టెయిన్ తగ్గుతుంది, శ్రుతి కుదరదు. అప్పుడు పాపం కర్రను తిడతారు. బ్రిడ్జి దగ్గరి పికప్ పదునుగా, నెక్ దగ్గరిది గుండ్రంగా మోగడానికి కారణం తీగ మీద వాటి స్థానమే, ఆ రెంటి కిందా ఉన్నది ఒకే కర్ర.

గుంటల లోపల రాగి రేకు టేపు అతికించి, దాన్నీ బ్రిడ్జినీ ఎర్త్ తీగతో కలపండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో వచ్చే హమ్ ముందు ఏ కర్ర గుణమూ నిలవదు. తీగలు ముట్టుకుంటే షాక్ కొడుతుంటే మాత్రం గిటార్ పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

రెండు కర్రలు పోల్చాలంటే

ఇంత చెప్పినా మీ చెవితో తేల్చుకోవాలని ఉంటే అంతకంటే కావాల్సింది లేదు. ఒకే డ్రాయింగ్‌తో రెండు బాడీలు కోయించండి, ఒకటి పనస, ఇంకోటి గుమ్మడి టేకు. నెక్, పికప్‌లు, బ్రిడ్జి ఒకే సెట్‌ను ఒకదాని నుంచి తీసి ఇంకోదానికి బిగించాలి. ప్రతిసారీ కొత్త తీగలు, ఒకే కంపెనీవి, ఒకే మందం (గేజ్) ఉన్నవి. పికప్ ఎత్తు, తీగల ఎత్తు మిల్లీమీటర్లలో రాసుకుని అవే పెట్టండి. ఆంప్ వద్దు, ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె)లోకి నేరుగా రికార్డ్ చేయండి. ఒకే పిక్, ఒకే చోట మీటడం, ఒకే చిన్న వరస.

ఆంప్ లేకుండా చెవి ఆనించి వింటే రెండూ తేడాగా వినిపించొచ్చు. అప్పుడు చెవికి వచ్చేది బాడీ నుంచి గాల్లోకి వెళ్లే ధ్వని, కేబుల్లోకి వెళ్లేది వేరు. పోలిక రికార్డింగ్ మీదే చేయండి.

రెండు రికార్డింగుల వాల్యూమ్ సమానం చేయడం మర్చిపోవద్దు, కాస్త గట్టిగా ఉన్నదే ఎవరికైనా బాగున్నట్టు అనిపిస్తుంది. తర్వాత ఫైళ్ల పేర్లు మార్చి, వరస తారుమారు చేసి వినిపించే పని వేరేవాళ్లకు అప్పగించండి. 1919 నుంచి మహారాజా సంగీత కళాశాల నడుస్తున్న ఊరు మనది, శ్రుతి తెలిసిన చెవులకు కొదవ లేదు. వయొలిన్ నేర్చుకుంటున్న స్నేహితుణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఏది పనస, ఏది గుమ్మడి టేకు అని ఎవరి చీటీ వాళ్లు రాసి మడిచి పెట్టాలి. ఒక్కసారి కాదు, వరస మార్చి కనీసం పదిసార్లు వినాలి. ఫైళ్ల అసలు పేర్లు చీటీలన్నీ చేతికొచ్చాకే బయటపెట్టాలి. పదిలో అయిదారు సరిగ్గా చెబితే అది గుడ్డిగా చెప్పినా వచ్చే లెక్కే. తొమ్మిదో పదో సరిగ్గా చెబితే మీ చెవికి ఆ తేడా దొరికినట్టు, ఆ రెండింట్లో నచ్చిన కర్రతోనే తర్వాతి గిటార్ చేయించుకోండి.